గట్టు ఎవరిదైనా నీళ్ళు అందరివీ

విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మేడిసన్‌లో సరస్సు ఒడ్డున ఇల్లు కొనాలంటే మామూలు ఇంటి ధరకి చాలా పైనే పెట్టాలి. అంత పెట్టి కొనుక్కున్న పెద్దమనిషి పొద్దున్నే కాఫీ కప్పుతో పెరట్లోకి వస్తే, పదడుగుల దూరంలో ముక్కూ మొహం తెలియని కుర్రాడెవడో చిన్న పడవలో కూర్చుని గాలం వేస్తూ కనిపించవచ్చు. పెద్దమనిషి చెయ్యగలిగింది చెయ్యి ఊపి "గుడ్ మార్నింగ్" చెప్పడం ఒక్కటే. పొమ్మనే హక్కు ఆయనకి లేదు. ఆ కుర్రాడు పడవ దిగి గట్టెక్కి పచ్చికలో అడుగు పెడితే మాత్రం ఊరుకోనక్కర్లేదు.

ఈ గీత ఎక్కడ పడింది, ఎవరు గీశారు, అది చెరిగిపోకుండా ఇన్నాళ్ళు ఎలా నిలిచింది అన్నదే ఇవాళ్టి కథ. ఈ కథ చివరికి తిరుపతి దాకా వస్తుంది. కాస్త ఓపిక పట్టండి.

ముందు ఊరి సంగతి. 2020 జనాభా లెక్కల ప్రకారం మేడిసన్‌లో ఉన్నవాళ్ళు 2 లక్షల 70 వేల లోపే. మన లెక్కలో ఒక మోస్తరు జిల్లా కేంద్రం. తెలుగువాళ్ళకి ఈ ఊరు యూనివర్సిటీ వల్లా, పక్కనే వెరోనాలో ఉన్న ఎపిక్ అనే ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ కంపెనీ వల్లా తెలుసు. నాలాంటి కన్సల్టెంట్లు ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు ఉండి పెట్టె సర్దుకునే ఊరు. అలా వచ్చినవాళ్ళు కూడా ఒక్క వేసవి గడిపితే ఆ సరస్సుల్ని మర్చిపోలేరు.

మెండోటా, మొనోనా, వౌబీసా, కెగాన్సా అని నాలుగు సరస్సులు. యహారా అనే చిన్న నది పూసల్లో దారంలాగా వాటిని గుచ్చుకుంటూ పోతుంది. వీటికి తోడు ఊరి మధ్యలో వింగ్రా అని ఒక బుల్లి సరస్సు. పెద్దదైన మెండోటా విస్తీర్ణం దాదాపు 9,800 ఎకరాలు, లోతు 83 అడుగులు. మెండోటాకీ మొనోనాకీ మధ్య ఉన్న సన్నటి భూసంధి మీద నగరం నడిబొడ్డు కూర్చుని ఉంది. శాసనసభ భవనం మెట్ల మీద నుంచి ఎటు నడిచినా కాసేపటికి నీళ్ళు తగులుతాయి.

బీచ్ అనగానే విశాఖనో, మైపాడునో, సూర్యలంకనో ఊహించుకోకండి. ఇక్కడ బీచ్ అంటే పార్కు చివర నాలుగు బండ్ల ఇసక, నీళ్ళలోకి ఒక చెక్కల వంతెన, పిల్లల కేరింతలు. అంతే. కానీ నగరం నడిపేవే డజను దాకా ఉన్నాయి, లోపలికి వెళ్ళడానికి టికెట్టు లేదు.

ఈ నీళ్ళ మొదటి యజమానులు, ఆ మాట వాళ్ళే ఒప్పుకోరు గానీ, హో-చంక్ ప్రజలు. ఈ ప్రాంతాన్ని వాళ్ళు తేజోప్ అంటారు. నాలుగు సరస్సులు అని అర్థం. వాళ్ళ పూర్వీకులు పక్షుల ఆకారంలో, జంతువుల ఆకారంలో కట్టిన మట్టి దిబ్బలు ఈ ఒడ్డుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. 2021 నవంబరులో మెండోటా అడుగు నుంచి ఒకే మానులో తొలిచిన పడవ ఒకటి బయటికి తీశారు. దాని వయసు 1,200 ఏళ్ళు. మరుసటి ఏడు ఇంకోటి దొరికింది. దానికి 3,000 ఏళ్ళు. అంటే మనకి ఇంకా శాతవాహనులు కూడా రాకముందే ఇక్కడెవరో పడవేసుకుని చేపలు పట్టుకుంటున్నారన్నమాట.

1832లో బ్లాక్ హాక్ యుద్ధం అయ్యాక చేసుకున్న ఒప్పందంతో ఈ నేల హో-చంకుల చేతుల్లోంచి జారిపోయింది. నాలుగేళ్ళకి జేమ్స్ డోటీ అనే రాజకీయనాయకుడు, పాత జడ్జి, భూముల వ్యాపారి (మూడూ ఒకరే) ఈ భూసంధి మీద స్థలం కొని, కాగితం మీద ఒక నగరం గీసి, రాజధాని ఇక్కడే పెట్టాలని 1836లో శాసనసభని ఒప్పించాడు. సభ్యుల్లో కొందరికి ఊళ్ళో ప్లాట్లు ముట్టాయనీ, చలికి వణుకుతున్న సభ్యులకి దున్నపోతు తోలు దుప్పట్లు పంచాడనీ చరిత్రకారులు రాశారు. రాజధాని వస్తుందన్న వార్తకి చుట్టుపక్కల భూముల ధరలు ఏమవుతాయో మన పాఠకులకి నేను వివరించనక్కర్లేదు. ఒడ్డున ఉన్న నేల ప్లాట్లుగా అమ్ముడుపోయింది.

మరి నీళ్ళు? అవి మాత్రం అమ్ముడుపోలేదు. దానికి కారణం మేడిసన్ పుట్టకముందే ఉంది.

1787లో, అమెరికా రాజ్యాంగం ఇంకా అమల్లోకి రాకముందే, ఒహాయో నదికి వాయవ్యంగా ఉన్న ప్రాంతాన్ని ఎలా పాలించాలో ఒక శాసనం చేశారు. మిసిసిపీలోకీ సెంట్ లారెన్స్‌లోకీ పారే, పడవలు నడిచే నీళ్ళన్నీ ఉమ్మడి రహదారులనీ, ఎప్పటికీ పన్ను లేకుండా అందరికీ తెరిచి ఉండాలనీ అందులో ఒక షరతు. తోళ్ళ వ్యాపారుల పడవల కోసం రాసిన మాట అది. 1848లో విస్కాన్సిన్ రాష్ట్రం అయినప్పుడు ఆ షరతుని తన రాజ్యాంగంలో తొమ్మిదో అధికరణంలో పెట్టుకుంది. సహజమైన సరస్సుల అడుగు నేల రాష్ట్రానిదనీ, అది రాష్ట్రం సొంతానికి కాక ప్రజల తరఫున ధర్మకర్తగా పట్టుకుని ఉందనీ కోర్టులు తేల్చాయి.

ధర్మకర్త అన్న మాట మనకి కొత్త కాదు. గుడి మాన్యం ధర్మకర్త పేరు మీద ఉండొచ్చు. పంట లెక్కలు ఆయనే చూడొచ్చు. అమ్ముకుని అల్లుడికి కట్నం ఇస్తే మాత్రం ఊరు ఊరుకోదు (ఊరుకోకూడదు). ఇంగ్లీషులో పబ్లిక్ ట్రస్ట్ అని లావుపాటి పుస్తకాల్లో రాసేది ఇదే.

అయితే "పడవ నడిచే నీళ్ళు" అంటే ఏమిటి? ఇక్కడే తమాషా. పందొమ్మిదో శతాబ్దంలో విస్కాన్సిన్‌కి కలప వ్యాపారం ప్రాణం. అందుకని 1877లో కోర్టు, ఒక దుంగ తేలితే చాలు అది ప్రజల నీరే అంది. 1914లో బాతుల వేట కేసు ఒకటి వచ్చింది. రాక్ నదిలో అడుగు నేల మాదంటే మాదని ఒక షూటింగ్ క్లబ్బు ఒకాయన్ని వేటాడొద్దంది. నేల మీదైనా నీళ్ళు అందరివీ, పడవలో ఉన్నంతసేపూ ఆయన వేటాడుకోవచ్చు అని కోర్టు చెప్పింది. ఆ వేటగాడి పేరు పాల్ హస్టింగ్. తర్వాత అమెరికా సెనేటర్ కూడా అయ్యాడు. 1952లో నామెకాగన్ నది మీద ఆనకట్ట వద్దని మ్యూంక్ అనే ఆయన వేసిన కేసులో కోర్టు ఇంకో అడుగు వేసింది. ఈదడం, పడవ షికారు, చివరికి ఊరికే నది అందాన్ని చూసి సంతోషించడం కూడా ప్రజల హక్కేనంది.

తోళ్ళు, దుంగలు, బాతులు, చివరికి అందం! రాసినవాడు వ్యాపారం కోసం రాసిన వాక్యాన్ని జనం మెల్లిగా ఈతకొలనుదాకా లాక్కొచ్చారు. చట్టంలో అక్షరం మారలేదు. అడిగేవాళ్ళు మారారు.

గట్టు వైపు మాత్రం గీత గట్టిగానే పడింది. 1923లో విన్నెబేగో సరస్సు దగ్గర వచ్చిన తగాదాలో, నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే ఇసక మీద నడిచే హక్కు కూడా ఒడ్డున ఇల్లున్నవాడిదేనని కోర్టు తీర్పిచ్చింది. అందుకే ఇక్కడి జాలరులు కాళ్ళు తడిగా ఉంచుకో, గొడవ రాదు అంటారు.

అంటే నీళ్ళు మీవే, కానీ నీళ్ళ దాకా వెళ్ళే దారి మీది కాదు! ఊరి చుట్టూ సరస్సులుండి కూడా పిల్లలు కాళ్ళు తడుపుకోవడానికి చోటు లేని పరిస్థితి మేడిసన్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చింది. పార్కులు లేవనే చెప్పాలి. ఉన్న వినోదమల్లా మొనోనా దక్షిణపు ఒడ్డున 1881 నుంచి వేసవిలో గుడారాలు వేసి నడిపిన చటాక్వా సభలు. ఉపన్యాసాలు, సంగీతం, పక్కనే పడవలు. మన తిరునాళ్ళకీ సాహిత్య సభలకీ మధ్యస్థంగా ఉండేదనుకోండి.

జాన్ ఓలిన్ అనే లాయరు, న్యాయశాస్త్రం అధ్యాపకుడు ఈ పరిస్థితిని మార్చాడు. ప్రభుత్వం ఇస్తుందని ఎదురుచూడకుండా 1890లలో ఊరివాళ్ళ దగ్గర చందాలు పోగుచేసి ఒక సంఘం పెట్టాడు. సరస్సు చుట్టూ గుర్రపు బండ్ల షికారుకి దారి వేయడంతో మొదలుపెట్టి, ఒడ్డు దొరికిన చోటల్లా కొనడమో, దానంగా అడగడమో చేసేవాడు. 1899లో డేనియల్ టెన్నీ మెండోటా ఒడ్డున చిత్తడి నేల ఇప్పించాడు. 1904లో విలియం విలాస్ కుటుంబం చనిపోయిన కొడుకు హెన్రీ పేరు మీద వింగ్రా ఒడ్డున పార్కు ఇచ్చింది. అందులోనే తర్వాత జూ వచ్చింది. ఆ జూకి ఇవాళ్టికీ ప్రవేశ రుసుము లేదు. నగర రూపశిల్పి జాన్ నోలెన్‌ని పిలిపించింది కూడా ఓలినే. 1911లో అచ్చయిన ప్రణాళికలో నోలెన్ ఒడ్డులు ప్రజలకి దక్కాలని గట్టిగా చెప్పాడు.

చందాలతో పని మొదలైనా, చట్టం వెనకే వచ్చింది. విస్కాన్సిన్‌లో ఇప్పుడు సరస్సు పక్కన కొత్త లేఅవుట్ వెయ్యాలంటే సుమారు ప్రతి అరమైలుకీ ఒకచోట, కనీసం 60 అడుగుల వెడల్పున, నీళ్ళ దాకా ప్రజలకి దారి వదలాలి. హైదరాబాదులో లేఅవుట్లు వేసేవాళ్ళు చదువుతుంటే ఈ వాక్యం ఇంకోసారి చదవమని మనవి.

దారి దొరికింది సరే, దిగితే ఏముంది నీళ్ళలో? మురుగు. ఊరి మురుగంతా ఏళ్ళ తరబడి మొనోనాలోకి పోయేది. ఎండాకాలం నాచు కుళ్ళి కంపు కొట్టేది. దాన్ని చంపడానికి 1920లలో మైలుతుత్తం చల్లడం మొదలుపెట్టి దశాబ్దాలపాటు చల్లారు. 1928లో నైన్ స్ప్రింగ్స్ దగ్గర శుద్ధి కేంద్రం వచ్చాక ఆ నీళ్ళు కింద ఉన్న వౌబీసాలోకి పోయాయి. మొనోనా ఊపిరి పీల్చుకుంది, వౌబీసా పచ్చబడింది. పై ఊరి కష్టం కింది ఊరికి చేరింది! 1958లో సరస్సులన్నిటినీ తప్పించి బ్యాడ్‌ఫిష్ అనే వాగులోకి మళ్ళించాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1957లో, ఈ కథకి కీలకమైన రెండు కేసులు వచ్చాయి. రెంటిలోనూ మేడిసన్ నగరమే సరస్సుని పూడుస్తానంది.

మొదటిది వింగ్రా. విలాస్ పార్కుకి జనం ఎక్కువై రోడ్డు జరపాలి, బీచ్ పెంచాలి, కార్లకి చోటు కావాలి. అందుకు సరస్సు అంచులో కొంత పూడుస్తామంది నగరం. రాష్ట్రం అభ్యంతరం చెప్పింది. కోర్టు చివరికి సరేనంది గానీ, కారణాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పింది. పూడ్చిన చోటు ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉంటుంది. అది ప్రజలకే తెరిచి ఉంటుంది. మొత్తం సరస్సుతో పోలిస్తే పోయేది చాలా కొంచెం. సరస్సు ఉపయోగాలేవీ దెబ్బతినవు. అక్కడ ఈదలేకపోయేవాళ్ళ నష్టం పార్కుకి వచ్చేవాళ్ళ లాభం ముందు లెక్కలోది కాదు. రెండో కేసు మొనోనా ఒడ్డున కట్టదలచిన సభాభవనం గురించి. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1938లోనే నమూనా గీశాడు. కోర్టు దానికీ ఒప్పుకుంది. కానీ రాజకీయాలు ఒప్పుకోలేదు. రైట్ 1959లో పోయాడు, మొనోనా టెర్రస్ 1997లో తెరుచుకుంది. అన్నట్టు, ఒక ప్రభుత్వ భవనానికి 59 ఏళ్ళు పట్టిందని అమెరికా వాళ్ళూ నవ్వుకుంటారు.

రెండు చోట్లా నగరమే గెలిచింది కదా, ఇందులో గొప్పేముంది అనొచ్చు. గెలిచిన తీరులో ఉంది. ప్రభుత్వమే అయినా సరస్సులో ఒక తట్టెడు మట్టి పోయాలంటే ఎందుకో, ఎంతో, ఎవరికోసమో సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ ఐదు కారణాల్లో ఒక్క ప్రైవేటు అపార్టుమెంటు కూడా దూరదు, చూడండి.

ఇక్కణ్ణుంచి కథ సముద్రం దాటుతుంది. 1970లో మిచిగన్ యూనివర్సిటీ న్యాయశాస్త్ర ఆచార్యుడు జోసెఫ్ సాక్స్ ఈ ధర్మకర్త సూత్రం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. మసాచుసెట్స్, విస్కాన్సిన్, కాలిఫోర్నియా కోర్టుల తీర్పుల్ని తవ్వి, ప్రజల ఆస్తిని ప్రభుత్వం చేతి నుంచి కూడా కాపాడవచ్చని వాదించాడు. విస్కాన్సిన్ భాగంలో మన వింగ్రా బీచ్ కేసూ ఉంది. ఆ వ్యాసాన్ని ఢిల్లీలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఎం.సి. మెహతా - కమల్‌నాథ్ కేసులో ఆధారంగా తీసుకుంది. బియాస్ నది ఒడ్డున ఒక హోటల్‌కి ఇచ్చిన అటవీ భూమి లీజుని రద్దు చేస్తూ, నదులూ అడవులూ గాలీ ప్రజల తరఫున ప్రభుత్వం దగ్గరున్న ధర్మనిధి అనీ, ఈ సూత్రం మన దేశ న్యాయంలో భాగమేననీ చెప్పింది.

ఆ తర్వాత పదేళ్ళకి, 2006 ఫిబ్రవరిలో, తిరుపతి. ఊరిని ఆనుకుని ఉన్న అవిలాల చెరువు, పేరూరు చెరువు. ప్రభుత్వం మొదటిదాన్ని హౌసింగ్ బోర్డుకీ, రెండోదాన్ని తిరుమల తిరుపతి దేవస్థానానికీ ఇళ్ళ కోసం ఇచ్చింది. ఇంటలెక్చువల్స్ ఫోరం అనే పౌర సంస్థ హైకోర్టుకి వెళ్ళి ఓడిపోయింది, సుప్రీంకోర్టుకి వెళ్ళింది. సుప్రీంకోర్టు ఆ ధర్మకర్త సూత్రాన్నే మనుషులు తవ్విన చెరువులకీ వర్తింపజేసింది. అప్పటికే ఇళ్ళు లేచిపోయాయి కాబట్టి పడగొట్టమనలేదు. ఇక ముందు కట్టొద్దు, కట్టిన ఇళ్ళ మీద పడ్డ వాననీరు భూమిలోకి ఇంకే ఏర్పాటు చెయ్యండి అంది. పేరూరు చెరువుకి నీళ్ళు తెచ్చే వాగు దారి బాగుచెయ్యమంది.

వింగ్రాలో మట్టి పడకముందు వాదన జరిగింది. అవిలాలలో ఇళ్ళు లేచాక తీర్పు వచ్చింది. సూత్రం ఒక్కటే. నాకు ఈ కథ మొత్తంలో గుచ్చుకునేది ఆ క్రమమే. మేడిసన్‌లో రాష్ట్రానిదే ఒక శాఖ నగరాన్ని అడ్డుకుంది. తిరుపతిలో అడ్డుకోవాల్సిన ప్రభుత్వమే రాసిచ్చింది, అడ్డుకునే పని జనానికి మిగిలింది. జనం కోర్టు మెట్లు ఎక్కి దిగేలోపు సిమెంటు ఆరిపోతుంది.

అలాగని మేడిసన్‌ని స్వర్గం అనుకోవద్దు. నీళ్ళు ఎవరివన్న ప్రశ్నకి అక్కడ సమాధానం దొరికింది గానీ, నీళ్ళలోకి వచ్చేది ఎవరిదన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మెండోటా పైన అంతా పాడి రైతుల దేశం. ఆ పొలాల ఎరువులోంచి, పేడలోంచి భాస్వరం వానకి కొట్టుకొచ్చి చేరుతుంది. ఎండాకాలం నీలి-ఆకుపచ్చ నాచు పేరుకుంటే ఆరోగ్య శాఖ బీచ్ మూసేస్తుంది. 2005 నుంచి ఆ కౌంటీలో పచ్చికకి భాస్వరం ఎరువు వెయ్యడం మీద ఆంక్షలు పెట్టారు. 2009లో ముళ్ళ నీటిపురుగు ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చి, నాచుని తిని నీళ్ళని తేటగా ఉంచే డాఫ్నియా అనే బుల్లి జీవుల్ని తినేసింది. 2015లో జీబ్రా ఆల్చిప్పలు వచ్చాయి. బీచ్‌లో చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్ళు తెగుతాయి. సరస్సు పక్కనే ఉంటూ ఆ ఊరివాళ్ళు 2006లో మొట్టమొదటి ప్రజా ఈతకొలను కట్టుకోవడంలో ఎంతో కొంత వ్యంగ్యం ఉంది.

చలికాలం సంగతీ అంతే. గడ్డకట్టిన సరస్సు కూడా అందరిదే. మంచు మీద గుడిసెలు వేసి చేపలు పడతారు. 1979 ఫిబ్రవరిలో యూనివర్సిటీ కుర్రాళ్ళు స్వేచ్ఛా ప్రతిమ తలనీ, దివిటీ చేతినీ చేసి మెండోటా మంచులో పాతి, విగ్రహం సరస్సులో మునిగినట్టు చూపించారు. ఆ మంచు ఎన్నాళ్ళుందో 1850ల నుంచి లెక్క రాస్తున్నారు. 1880-81లో 161 రోజులు. 2001-02లో 21 రోజులే. ఇందులో ఏ ఇంటివాడి మీద కేసు వెయ్యాలి?

అయినా ఒక తేడా చూస్తున్నాను. తమదనుకున్నదాన్ని జనం కనిపెట్టుకుని ఉంటారు. ఎడ్వర్డ్ బర్జ్, చాన్సీ జూడే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మెండోటా మీద మొదలుపెట్టిన పరిశోధన నూరేళ్ళు దాటినా ఆగలేదు. బీచ్ మూస్తే, నీటి మట్టం పెంచితే, ఒడ్డున చెట్టు కొడితే పార్కుల బోర్డు సమావేశానికి వచ్చి నిలదీసే ముసలమ్మలున్నారు. వాళ్ళలో ఎవరికీ సరస్సు ఒడ్డున ఇల్లుండనక్కర్లేదు. పిల్లల్ని అక్కడ ఈతకి తీసుకెళ్ళినవాళ్ళు అయితే చాలు.

మన చెరువుల్లో జనం దిగడం మానేసి చాలా కాలమైంది. బట్టలు ఉతకడానికి, గేదెల్ని కడగడానికి, బతుకమ్మని సాగనంపడానికి, వినాయకుణ్ణి నిమజ్జనం చెయ్యడానికి దిగేవాళ్ళు ఉన్నన్నాళ్ళు ఆ నీళ్ళకి కాపలా ఉండేది. కుళాయి ఇంట్లోకి వచ్చింది, బోరు పెరట్లోకి వచ్చింది, చెరువు వైపు చూసేవాడు కరువయ్యాడు. ఆక్రమణ మొదటి లారీ మట్టితో మొదలైందని అనుకుంటాం. ఊరు దిగడం మానేసినప్పుడే మొదలైందేమో. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి చెరువు సర్వే నంబరు ఎంతో, శిఖం ఎంతవరకో వీలైతే కనుక్కోండి. పిల్లల్ని కూడా గట్టు దాకా తీసుకెళ్ళండి.